కడుపునొప్పంటే గ్యాసేనా?

సంపాదకులకు నమస్కారం.

క్లోమం (పాంక్రియాస్) ఏళ్ల తరబడి వాచి నొప్పి పెట్టే జబ్బుకు, దాన్ని మొత్తం తీసేసి, అందులో ఇన్సులిన్ తయారుచేసే ఐలెట్ కణాలను కాలేయంలోకి ఎక్కించే ఆపరేషన్ గురించి మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. శీర్షికలో 'అద్భుతం' అన్న మాట దగ్గరే ఆగిపోయాను. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో 1977లోనే మొదలైన ఆపరేషన్ ఇది. అద్భుతమంటే మనవాళ్లు అన్నీ అయ్యాక చివర్లో చూద్దాంలే అనుకుంటారు. చివర్లో వెళితే పనికిరాని వైద్యమిది.

మా చెల్లెలి కొడుక్కి పదమూడో ఏట నొప్పి మొదలైంది. తిన్న కాసేపటికి పొట్ట పైభాగంలో పుట్టి వీపులోకి పొడుచుకుపోయేది. పడుకుంటే ఇంకా ఎక్కువ. దిండు పొట్టకు అదుముకుని, ముందుకు వంగి రాత్రంతా మంచం మీద కూర్చునేవాడు. ఆర్‌ఎంపీ గ్యాస్ మాత్రలిచ్చాడు, మా అత్తగారు తాయెత్తు కట్టించారు. అలా నాలుగేళ్లు పోయాయి. చివరికి స్కాన్‌లో క్లోమంలో రాళ్లు కనబడ్డాయి. రిపోర్టు చేతిలో పట్టుకుని అక్కడి డాక్టరు అడిగిన మొదటి మాట, "ఎప్పట్నుంచి తాగుతున్నావురా?" వాడు తల్లి ముందు తల దించుకున్నాడు. మందు ముట్టనివాళ్లకూ, మన దక్షిణాదిలో చిన్న వయసులోనే, ఈ జబ్బు వస్తుందని నేను తర్వాత తెలుసుకున్నాను. స్పింక్1 జన్యువులో తేడా కూడా ఒక కారణమట.

క్లోమం తీసేస్తే ఇన్సులిన్ తయారుచేసే అవయవమే ఉండదు. అందుకే దాన్ని ల్యాబ్‌లో ఎంజైముతో కరిగించి, ఐలెట్లను వేరుచేసి, పోర్టల్ సిర గుండా కాలేయంలోకి పంపుతారు. అవి అక్కడ కుదురుకుని ఇన్సులిన్ తీయాలి. రోగి సొంత కణాలే కనుక శరీరం తిరస్కరించకుండా వాడే మందుల బాధ లేదు. అలాగని షుగర్ రాదని ఎవరూ హామీ ఇవ్వరు. ఇన్సులిన్ సూది పూర్తిగా మానగలిగేవాళ్లు సుమారు మూడోవంతే. ఎన్ని ఐలెట్లు దక్కితే అంత మేలు. జబ్బు ముదిరి క్లోమం గట్టిపడితే దక్కేవి తక్కువ.

అందరికీ ఈ ఆపరేషనే అక్కర్లేదు. రాళ్లు పగలగొట్టడం, క్లోమనాళంలో స్టెంట్ అనే సన్నని గొట్టం వేయడం ఉన్నాయి. మావాడికి రెండూ చేశారు, నొప్పి సగం తగ్గింది. ఈలోగా షుగర్ వచ్చేసింది. ఈ ఆపరేషన్ సంగతి అడిగితే, "ముందే తీసుకొచ్చి ఉంటే ఆలోచించేవాళ్లం" అన్నారు.

మళ్లీ మళ్లీ కడుపునొప్పితో వచ్చే పిల్లలకు జిల్లా ఆసుపత్రిలోనే స్కాన్ తీసి, క్లోమంలో తేడా ఉంటే వెంటనే పెద్ద కేంద్రానికి పంపే ఏర్పాటు ప్రభుత్వం చేయాలి. తిన్నది అరగడానికి ప్రతిసారీ వేసుకునే ఎంజైమ్ క్యాప్సూల్స్ ఉచితంగా ఇవ్వాలి. క్లోమం తీసేసినవాళ్లకు అవి జీవితాంతం తప్పవు. వాటి ఖరీదుకు జడిసి మావాడు పూటకు వేసుకోవాల్సినవాటిలో ఒకటి తగ్గించుకుంటున్నాడని మొన్ననే తెలిసింది.

మీకూ ఒక మనవి. ఈసారి ఈ ఆపరేషన్ గురించి రాసేటప్పుడు, ఆ నొప్పి ఎక్కడ పుట్టి ఎటు పాకుతుందో, రోగి ఎలా వంగి కూర్చుంటాడో మొదటి పేరాలోనే వేయండి.

ఇట్లు,
ఒక పెద్దమ్మ, తెనాలి