హీటెక్కే బండికి ఇక నుంచి ఒక రోజు టైమ్ ఇవ్వండి

మన ఒంగోలు షెడ్డుకు కార్లు తెచ్చే అందరికీ నమస్కారం. ఎండలు ముదిరినప్పటి నుంచి వచ్చే బండ్లలో సగానికి పైగా ఒకటే కంప్లైంట్. హైవే మీద బాగానే ఉంటుంది, ఊళ్లోకొచ్చి కర్నూలు రోడ్డులోనో ట్రంకు రోడ్డులోనో ఇరుక్కుంటే టెంపరేచర్ ముల్లు పైకి పోతుంది, ఏసీ చల్లదనం తగ్గిపోతుంది. వెనకే ఒక ప్రశ్న: "అన్నా, సాయంత్రానికి ఇచ్చేస్తావా?"

ఇవ్వను. ఈ పనికి వచ్చే బండిని ఉదయం ఎనిమిదిలోపు వదిలి, మర్నాడు తీసుకెళ్లండి. చూసినందుకు 500 తీసుకుంటాం, పని మా దగ్గరే చేయించుకుంటే అది బిల్లులో తగ్గిస్తాం. ఇది కొందరికి నచ్చలేదని తెలుసు. పక్క షెడ్డులో గంటలో చేసి పంపిస్తున్నారని మొహం మీదే చెప్పినవాళ్లూ ఉన్నారు. అందుకే కారణం రాస్తున్నాను.

మాకు బండి చల్లగా ఉన్నప్పుడు కావాలి. వేడి మీద రేడియేటర్ మూత తీయకూడదు, లోపలి నీళ్లు చిమ్మి మొహం కాలుతుంది. ఆ మూత ఒత్తిడి పట్టి ఉంచడం వల్లే 100 డిగ్రీలకు మరగాల్సిన నీళ్లు దాదాపు 120 దాకా మరగవు. మూతలో స్ప్రింగ్, రబ్బరు పోతే మిగతావన్నీ బాగున్నా నీళ్లు పొంగిపోతాయి. రేడియేటర్ మార్చాలని ఎక్కడో చెప్పారంటూ కంగారుగా వచ్చిన బండికి మూత మార్చి పంపిన సందర్భాలున్నాయి. పదకొండింటికి కాలిపోతూ వచ్చిన బండి చల్లారేదాకా ఎవరైనా చేసేదేమీ ఉండదు, ఊహించి సామాను మార్చడం తప్ప.

తర్వాత మధ్యాహ్నం పని. ఏసీ వేసి, బండి కదలకుండా, ఎండలోనే ఇంజన్ ఆన్‌లో ఉంచి స్కానర్‌లో టెంపరేచర్ చూస్తాం. పొద్దున నీడలో ఏ బండి అయినా బుద్ధిగానే ఉంటుంది. ట్రాఫిక్‌లో మాత్రమే వేడెక్కుతోందంటే ముందు అనుమానం ఫ్యాన్ మీదే. హైవే మీద ఎదురుగాలి రేడియేటర్‌ను చల్లబరుస్తుంది, ఆగిన బండికి ఫ్యాన్ ఒక్కటే దిక్కు. ఫ్యాన్ తిరుగుతోందా అన్నది చాలదు, రెండు స్పీడులున్న ఫ్యాన్ అయితే రెండోది అందుకుంటోందా అన్నదీ చూడాలి. రిలే, ఫ్యూజు, వైరింగ్, సెన్సార్, చివరికి మోటారు. ఇందులో చాలావరకు చిన్న ఖర్చుతో పోయేవే. అదే హైవే మీద స్పీడులో వేడెక్కే బండి అయితే కథ వేరు, రేడియేటర్ లోపల పూడుకుపోయిందేమో, వాటర్ పంపు, థర్మోస్టాట్ (ఇంజన్ వేడిని బట్టి నీళ్లను రేడియేటర్‌కు వదిలే వాల్వు) ఎలా ఉన్నాయో చూడాలి.

మన వైపు బండ్లకు రెండు ప్రత్యేకమైన జబ్బులున్నాయి. చీమకుర్తి వైపు రోజూ తిరిగే బండి ముందు భాగం విప్పి చూడండి, ఏసీ కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య గ్రానైట్ దుమ్ము పేరుకుపోయి ఉంటుంది. బయట నుంచి కడిగితే ఆ మధ్యలోది పోదు. వాటర్ సర్వీస్‌లో ప్రెషర్ గన్ దగ్గరగా పెట్టి కొట్టించకండి, సన్నటి రేకులు వంగిపోయి గాలి దారి ఇంకా మూసుకుపోతుంది. మేం రెండింటినీ వేరు చేసి, లోపలి వైపు నుంచి బయటికి, తక్కువ ఒత్తిడితో కడుగుతాం. టైమ్ తినేది ఈ పనే.

రెండోది బోరు నీళ్లు. బకెట్ పెట్టిన చోట తెల్లమరక కట్టే నీళ్లను రేడియేటర్‌లో పోస్తే లోపల అదే కడుతుంది. నీళ్ల బదులు పోయాల్సిన కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) ఖరీదు చూసి అందరూ వెనకాడతారు, నాకు అర్థమవుతుంది. కానీ మీ బండి పుస్తకంలో రాసిన రకమే పోయించండి. కలపాల్సిన రకమైతే డిస్టిల్డ్ వాటర్ కలపండి. రంగు ఒకటే కదా అని వేర్వేరు రకాలు కలపకండి.

పని అయ్యాక రాత్రి ఎందుకు ఉంచుతామంటే, కొత్తగా కూలెంట్ నింపినప్పుడు లోపల గాలి చిక్కుకుంటుంది. అది బయటికొచ్చాక లెవెల్ దిగుతుంది. మర్నాడు చల్లటి ఇంజన్ మీద మళ్లీ చూస్తేనే అది గాలి వల్ల దిగిందో, ఎక్కడైనా కారుతోందో తెలుస్తుంది.

రెండు పనులు మాత్రం అడగొద్దు. థర్మోస్టాట్ పీకేయమంటారు, పీకితే ఇంజన్ సరైన వేడికి రావడానికి చాలాసేపు పడుతుంది, మైలేజ్ పడిపోతుంది, అసలు జబ్బు అలాగే ఉంటుంది. ఫ్యాన్‌కు డైరెక్ట్ స్విచ్ పెట్టమంటారు. దారిలో ఇరుక్కున్నప్పుడు ఇంటికి చేరడానికి సరే, శాశ్వతంగా పెట్టను. ఒక రోజు మీరు స్విచ్ వేయడం మర్చిపోతే హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్‌కూ దాని పైభాగమైన హెడ్‌కూ మధ్య ఉండే సీలు) పోయి అయ్యే ఖర్చు ముందు ఇదంతా ఎంత!

ఈలోగా రోడ్డు మీద ముల్లు లేస్తే ఏసీ ఆపి, హీటర్ ఫుల్‌గా పెట్టి, అద్దాలు దించండి. రోళ్లు పగిలే ఎండలో హీటరేంటి అనకండి, ఇంజన్ వేడిని లాగేసే రెండో దారి అదే. ఎర్ర లైటు వచ్చినా, పొగలు వచ్చినా పక్కకు తీసి ఇంజన్ ఆపేయండి. వేడి ఇంజన్ మీద చన్నీళ్లు గుమ్మరించకండి, హెడ్ పగిలే ప్రమాదం ఉంది. డబ్బాలో కూలెంట్ చాక్లెట్ రంగుకు తిరిగినా, ఇంజన్ ఆయిల్ తెల్లగా నురగలా ఉన్నా స్టార్ట్ చేయకుండా ఫోన్ చేయండి, లాగించి తెప్పిస్తాం.

బండి మీదే బతికే ట్యాక్సీ వాళ్లకు ఒక రోజు ఆపడం కష్టమే. ముందు రోజు రాత్రే షెడ్డులో పెట్టి వెళ్తే వాళ్ల బండి మొదట పడతాం. మార్చిన పాత సామాను డిక్కీలో పెట్టే ఇస్తాం, అనుమానం ఉంటే ఇంకొకరికి చూపించుకోండి.