పాదం పోకుండా కట్టే కట్టుకు కార్డు చెల్లదా?

సంపాదకుడి గారికి,

మానని షుగరు పుండ్లకు అల్ట్రాసౌండ్ చికిత్స వచ్చిందని ఒడిశాలోని మా పర్లాకిమిడి ప్రాంతంలో ఆశగా చెప్పుకుంటున్నారు. కడుపు స్కానింగుకు మెగాహెర్ట్జ్ తరంగాలు వాడితే, పుండుకు వాడేవి 20 నుంచి 40 కిలోహెర్ట్జ్ ప్రాంతంలోని తరంగాలు. ఒక పద్ధతిలో సెలైన్‌ను సన్నని తుంపరగా మార్చి, పరికరం తగలకుండానే పుండు మీదికి పంపుతారు. మరొక దానిలో పరికరం కొసను ఆనించి, చచ్చిన కండనూ సూక్ష్మజీవుల జిగట పొరనూ వదలగొడతారు. అయితే బ్లేడుతో పుండును శుభ్రం చేసే మామూలు పద్ధతికి బదులుగా దీనిని వాడవద్దనే డయాబెటిక్ ఫుట్ అంతర్జాతీయ నిపుణుల బృందం 2023 మార్గదర్శకాల్లో సూచించింది గనుక, యంత్రం వస్తే చాలుననుకోవడం తొందరపాటే.

అల్ట్రాసౌండైనా మామూలు కట్టయినా వారానికి రెండు మూడుసార్లు, వారాల తరబడి సాగవలసిందే. ఇక్కడి నుంచి బరంపురం వైద్య కళాశాల ఆసుపత్రి వంద కిలోమీటర్లకు పైమాటే. పుండు మీద బరువు పడనివ్వకూడదన్నది ఈ వైద్యంలో మొదటి నియమం కాగా, ఆ పుండుతోనే బస్సులో నిలబడి వెళ్లమనడం ఏ వైద్యమో నాకు బోధపడదు. పాతపట్నం దాటి టెక్కలికో శ్రీకాకుళానికో వెళదామంటే, ఆంధ్ర ప్రభుత్వ వైద్యసేవ కార్డు ఒడిశావాసులకు లేదు. ఆయుష్మాన్ కార్డు రాష్ట్రం దాటినా చెల్లుతుంది గానీ, ఆసుపత్రిలో చేరిన వారికే. ఓపీలో కట్టు మార్పించుకునే వారికి వర్తించదు. వేలో పాదమో తీయించుకోవడానికి చేరితే ఖర్చు ప్రభుత్వానిది, అవి పోకుండా కట్లు కట్టించుకుంటే ఖర్చు రోగిది!

అరికాలు తిమ్మిరెక్కి ముల్లు దిగినా తెలియక, సాయంత్రం కాళ్లు కడుక్కునేటప్పుడు గచ్చు మీద నెత్తురు మరక చూసి గానీ పుండు సంగతి గ్రహించని రైతులు మా పల్లెల్లో ఉన్నారు. ఆపైన పసుపు అద్ది కొన్నాళ్లు చూస్తారు. అందుచేత పర్లాకిమిడి జిల్లా ఆసుపత్రిలోనే వారానికి రెండు మూడు రోజులు పాదాల ఓపీ నడపాలి. 10 గ్రాముల మోనోఫిలమెంటుతో (అరికాలికి ఆనించి చూసే నైలాను పోగు) స్పర్శనూ, చేతి డాప్లర్‌తో (రక్తం పారే చప్పుడు వినిపించే చిన్న పరికరం) రక్తప్రసరణనూ చూడాలి. రక్తం అందని పాదంలో ఏ యంత్రమూ పుండును మాన్పలేదు. పుండు శుభ్రం చేయడంలో శిక్షణ పొందిన నర్సునూ, మెత్తని ఎంసీఆర్ (మైక్రో సెల్యులార్ రబ్బరు) చెప్పులనూ ఇవ్వాలి. జాగ్రత్తల పలక ఒడియాతో పాటు తెలుగులోనూ పెట్టాలి. అల్ట్రాసౌండ్ యంత్రం కొనదలిస్తే ఆ గదిలోనే ఉంచి, అక్కడి ఓపీ కట్లకు కూడా కార్డు వర్తింపజేయాలని ఒడిశా ఆరోగ్య శాఖను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా