రేడియేషన్‌ మధ్యలో ఆగకూడదు
గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు ఇచ్చే రేడియేషన్‌ మధ్యలో ఆగితే నష్టం ఎంతో పేషెంట్లకు గట్టిగా చెప్పేవాళ్లే కనిపించడం లేదు. బయటి నుంచి ఇచ్చేది, లోపల పెట్టే బ్రాకీథెరపీ కలిపి 8 వారాల్లో ముగియాలి, దాటితే మిగిలిన క్యాన్సర్‌ కణాలు వేగంగా పెరిగి, ఒక్కో రోజు ఆలస్యానికి గడ్డ అదుపులోకి వచ్చే అవకాశం దాదాపు ఒక శాతం దాకా తగ్గుతుంది. జిల్లాల నుంచి హైదరాబాద్‌ వచ్చే ఆడవాళ్లకు ఆరోగ్యశ్రీలో వైద్యం ఫ్రీ, మహాలక్ష్మి బస్సూ ఫ్రీ, సరే, మరి అన్ని వారాలు ఉండేదెక్కడ, పోయిన కూలి ఎవరిస్తారు? నేను చూసినంతలో మానేసేది భయంతో కంటే ఈ టెన్షన్‌తోనే ఎక్కువ. పైగా మెషిన్‌ రిపేరు, వరస సెలవులు! ఆసుపత్రి పక్కనే ఉచిత వసతి ఇవ్వాలి, రాని పేషెంటుకు అదే రోజు ఫోన్‌ చేయాలి, తప్పిపోయిన డోసును శనివారమో, కనీసం 6 గంటల తేడాతో రోజుకు రెండుసార్లో ఇచ్చి పూడ్చాలి.
— ఒక పాఠకురాలు, ఖమ్మం