పుట్టినరోజు బిర్యానీ కన్నా నెలనెలా ఐదొందలు మేలు

సంపాదకులకు నమస్కారం.

విశాఖలో ఇచ్చే చేతులకు కొదవ లేదు. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ చేసేవాళ్ల కోసం తొలిపావంచా నుంచి హనుమంతవాక, అప్పూఘర్ మీదుగా దాదాపు 32 కిలోమీటర్ల దారి పొడుగునా మజ్జిగ, మంచినీళ్లు, పులిహోర పట్టుకుని నిలబడేవాళ్లను ఎవరూ పిలవరు, వాళ్లే వస్తారు. అదే ఊళ్లోని పిల్లల గృహాలు, వృద్ధాశ్రమాలు, మానసిక వైకల్యం ఉన్న పిల్లల బడుల పద్దులు చూసేవాళ్లకు మాత్రం ఇంకో సంగతి తెలుసు. సామాన్ల గదిలో బిస్కట్ పెట్టెలు నిలువెత్తు పేరుకుని ఉంటాయి. బ్యాంకు ఖాతాలో ఆయాల జీతాలకు సరిపడా డబ్బుండదు.

మనం ఎందుకు ఇస్తామో చూస్తే ఇలా ఎందుకు జరుగుతోందో తెలుస్తుంది. మనలో చాలామందికి దానం ఒక తేదీతో ముడిపడింది. పిల్లవాడి పుట్టినరోజు, పెళ్లిరోజు, నాన్నగారి ఆబ్దికం, తీరిన మొక్కు. ఆ రోజు ఇచ్చింది ఎవరి విస్తట్లో పడిందో కంటితో చూడాలనిపిస్తుంది. చూడనిది ఎవరో తినేస్తారని భయం. ఆ భయం ఉత్తిదని అనను. అయితే దాని వల్ల డబ్బు ఇవ్వాల్సిన చోట తిండి, తిండి ఇవ్వాల్సిన చోట పాత బట్టలు చేరుతున్నాయి. ముస్లింలు జకాత్ కింద ఏడాది పాటు నిలిచిన సంపదలో 2.5 శాతం లెక్కకట్టి తీస్తారు. క్రైస్తవుల్లో చాలామంది దశమ భాగం పక్కన పెడతారు. ఎంత ఇవ్వాలన్న ప్రశ్న వాళ్లకు ముందే తేలిపోయి ఉంటుంది కాబట్టి ఇవ్వడం తేదీ కోసం ఆగదు. మిగతావాళ్లం మనసు కరిగినప్పుడు ఇస్తాం. కరెంటు బిల్లు మాత్రం ప్రతి నెలా వస్తుంది.

ముందు అన్నం సంగతి. 50 మంది పిల్లలున్న గృహం అనుకుందాం. ప్రభుత్వ బడుల మధ్యాహ్న భోజనంలో 6 నుంచి 8 తరగతుల పిల్లలకు తలకు 150 గ్రాముల బియ్యం, 30 గ్రాముల పప్పు, 75 గ్రాముల కూరగాయలు, 7.5 గ్రాముల నూనె అని కొలత ఉంది. ఆ లెక్కన ఒక్క పూటకు ఏడున్నర కిలోల బియ్యం, కిలోన్నర పప్పు, 3.75 కిలోల కూరలు, 375 గ్రాముల నూనె కావాలి. వంటమనిషి పొద్దున్నే అంతా సిద్ధం చేసి ఎసరు పెట్టేస్తుంది. పదకొండున్నరకు ఫోన్ చేసి ‘60 బిర్యానీ ప్యాకెట్లు తెస్తున్నాం’ అంటే వండిన అన్నం ఏం కావాలి? ఆదివారం ఇద్దరు ముగ్గురు దాతలు ఒకేసారి వస్తారు, మంగళవారం ఎవరూ రారు. పైగా వేడివేడిగా ప్యాక్ చేసి, వ్యానులో తిప్పి, కేకు కోసి, ఫొటోలు దిగి, పిల్లల చేతికి అందించేసరికి రెండున్నర అవుతుంది. వండిన అన్నం వేడి 60 డిగ్రీల కిందికి దిగాక గంటల తరబడి అలాగే ఉంటే బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా పెరిగి విషం వదులుతుంది. తిరిగి వేడిచేసినా ఆ విషం పోదు. మే నెల ఉక్కపోతలో ఈ ముప్పు ఇంకా ఎక్కువ. మిగిలిన ప్యాకెట్లు రాత్రికి పెట్టుకోమని వదిలి వెళ్లడం మంచి మనసుతో చేసే పనే, కానీ ప్రమాదకరమైన పని.

అన్నమే పెట్టాలనుకుంటే వారం ముందు ఆ గృహానికి ఫోన్ చేసి ఏ తేదీ ఖాళీగా ఉందో అడగండి. పైన చెప్పిన కొలతల ప్రకారం సరుకులు గానీ, వాటి ఖరీదు గానీ ఇచ్చి వాళ్ల వంటగదిలోనే వండించండి. రోజూ ఉండే భోజనానికి తలా ఒక గుడ్డు, ఒక స్వీటు కలిపితే పిల్లలకు పండగే. ఫొటోలు వద్దు. సంరక్షణ గృహాల్లో ఉన్న పిల్లల గుర్తింపు బయటపెట్టడాన్ని జువెనైల్ జస్టిస్ చట్టం, 2015లోని 74వ సెక్షన్ నిషేధిస్తోంది. మన పిల్లవాడి పుట్టినరోజు ఫొటోలో వెనుక వరుసలో నిలబడ్డ పిల్లకు ఆ ఫొటో పెద్దయ్యాక కూడా వెంటపడుతుంది.

బట్టల గురించి రెండే మాటలు. ఉతికి, గుండీలు, జిప్పులు సరిచూసి, సైజులవారీగా కట్టలు కట్టి ఇవ్వండి. లోదుస్తులు కొత్తవే ఇవ్వండి.

ఇక డబ్బు ఎవరో తినేస్తారన్న భయం. దాన్ని అరగంటలో చాలావరకు తీర్చుకోవచ్చు. సంస్థ పాన్ నంబరు అడగండి. అందులో నాలుగో అక్షరం ‘పి’ అయితే అది వ్యక్తి పాన్, సంస్థది కాదు. ట్రస్టుకు ‘టి’, సొసైటీలకు సాధారణంగా ‘ఎ’, కంపెనీకి ‘సి’ ఉంటుంది. ఫోన్‌పే, గూగుల్‌పే క్యూఆర్ కోడ్ స్కాన్ చేయగానే తెరమీద వచ్చే పేరు సంస్థది కావాలి. అధ్యక్షుడి పేరో ఆయన అబ్బాయి పేరో వస్తే అక్కడే ఆగిపోండి. పిల్లల గృహమైతే జువెనైల్ జస్టిస్ చట్టం 41వ సెక్షన్ కింద రిజిస్ట్రేషన్ తప్పనిసరి. లేకుండా నడపడం నేరం, ఏడాది వరకు జైలు పడవచ్చు. ఆ సర్టిఫికెట్ చూపించమని అడగడం మర్యాద తక్కువేమీ కాదు. అనుమానం తీరకపోతే జిల్లా బాలల సంరక్షణ విభాగాన్ని అడగవచ్చు, చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి చెప్పవచ్చు.

ఆ తర్వాత ఆడిట్ నివేదికలో ఆదాయ వ్యయాల పేజీ ఒక్కటి చూడండి. జీతాల పద్దు సున్నా ఉంటే సంతోషించకండి. 50 మంది పిల్లల్ని జీతం లేని మనుషులు ఏళ్ల తరబడి చూసుకోలేరు, అంటే ఆ లెక్క ఇంకెక్కడో దాగి ఉందన్నమాట. ధర్మకర్తల బంధువులకు అద్దెలు, ప్రయాణ ఖర్చులు పెద్దగా కనిపిస్తే అడగండి. ఫిక్స్‌డ్ డిపాజిట్లు ఏటా పెరుగుతుంటే, విరాళాలు ఇంకా ఎందుకు అడుగుతున్నారో కూడా అడగండి. మంచి సంస్థ ఈ ప్రశ్నలకు నొచ్చుకోదు, కాగితం తీసి చూపిస్తుంది.

మన దాతలు మారాల్సిన చోటు ఒకటుంది. ‘నా డబ్బు నూటికి నూరు పిల్లలకే చేరాలి, జీతాలకు వాడొద్దు’ అంటారు. నడవలేని పిల్లవాడికి రోజూ కాళ్లు సాగదీయించే ఫిజియోథెరపిస్టు జీతం ఎవరికి చేరినట్టు? రాత్రి మూర్ఛ వస్తే లేచి చూసే ఆయా జీతం? అక్కడ జీతమే సేవ. జీతాలు చాలని చోట మంచి ఆయా ఆరు నెలలకే వెళ్లిపోతుంది. కొత్త మనిషికి పిల్లల మందుల వేళలు అర్థమయ్యేసరికి మరో ఆరు నెలలు పడుతుంది. బిస్కట్ పెట్టెతో ఈ నష్టం పూడదు.

పన్ను మినహాయింపు కోసమే జనం ఇస్తారని కొందరంటారు. లెక్క వేస్తే అది నిలవదు. విరాళాలకు మినహాయింపునిచ్చే 80జీ సెక్షన్ (ఆదాయపు పన్ను చట్టం, 1961) కింద అనుమతి ఉన్న మామూలు సంస్థకు 10,000 రూపాయలిస్తే అందులో సగం, అంటే 5,000 మాత్రమే ఆదాయంలోంచి తగ్గుతుంది. 20 శాతం శ్లాబులో ఉన్నవారికి సెస్సుతో కలిపి మిగిలేది 1,040 రూపాయలు, 30 శాతం వారికి 1,560. కొత్త పన్ను విధానం ఎంచుకున్నవారికి అదీ లేదు. ప్రధానమంత్రి, ముఖ్యమంత్రి సహాయ నిధులకు మాత్రం పాత విధానంలో నూరు శాతం తగ్గుతుంది. 2,000 రూపాయలు దాటి నగదుగా ఇచ్చినా, బియ్యం బస్తాలుగా ఇచ్చినా 80జీ వర్తించదు. 2021-22 నుంచి రసీదు ఒక్కటే చాలదు. సంస్థ మే 31లోగా పన్ను శాఖకు దాతల వివరాల 10బీడీ ఫారం దాఖలు చేసి, దాతకు 10బీఈ సర్టిఫికెట్ ఇవ్వాలి. ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. డబ్బు భర్త ఖాతాలోంచి వెళ్తుంది, రసీదు భార్య పేరున కావాలంటారు. పాన్‌లో ఒక అక్షరం తప్పు పడుతుంది. చిన్న సంస్థ గుమస్తా గడువు మరచిపోతాడు, అప్పుడు రోజుకు 200 రూపాయల ఆలస్య రుసుము సంస్థ మీద పడుతుంది. 2025 ఆదాయపు పన్ను చట్టం అమలు తేదీ 2026 ఏప్రిల్ 1. దానితో సెక్షన్, ఫారం నంబర్లు మారతాయి కాబట్టి నంబరు గుర్తుపెట్టుకోవడం కన్నా ‘నా పేరున విరాళం సర్టిఫికెట్ ఎప్పుడిస్తారు’ అని అడగడం సుఖం.

కుడిచేత్తో ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదనేవాళ్లకు నా గౌరవం. వారు కూడా రసీదు పుస్తకంలో పేరు, చిరునామా రాయించాలి. ధర్మ సంస్థకు పేరు లేకుండా వచ్చిన విరాళాలు మొత్తం విరాళాల్లో 5 శాతం, లేదా లక్ష రూపాయలు, వీటిలో ఏది ఎక్కువైతే దాన్ని దాటితే, పైబడిన దానిమీద సంస్థ 30 శాతం పన్ను కట్టాల్సి వస్తుంది. బోర్డు మీద పేరు వద్దని చెప్పండి, పుస్తకంలో మాత్రం ఉండనివ్వండి.

శాశ్వత అన్నదాన నిధుల గురించి కూడా చెప్పాలి. ఎప్పుడో ఒకరు 5,000 రూపాయలు డిపాజిట్ చేసి, తమ తండ్రి తిథినాడు వడ్డీతో అన్నం పెట్టమన్నారనుకుందాం. 8 శాతం వడ్డీ మీద ఏటా 400 వస్తుంది. భోజనం పది రూపాయలైన రోజుల్లో 40 మంది తింటారు. అదే భోజనం 50 రూపాయలైతే ఎనిమిది మందే. వడ్డీ రేటు కూడా తగ్గితే ఇంకా తక్కువ. ఫలకం మీద పేరు అలాగే ఉంటుంది, విస్తళ్లే తగ్గిపోతాయి. కాబట్టి శాశ్వత నిధి పెట్టేవాళ్లు వచ్చిన వడ్డీలో కొంత అసలుకు కలపాలని కాగితం మీద రాసివ్వాలి. అది కుదరకపోతే ఏటా ఇచ్చే పద్ధతే నయం. 1926లో పుట్టిన మన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఇప్పటి ఒడిశాలోని జయపురం మహారాజు విక్రమదేవ వర్మ ఇచ్చింది ఏటా లక్ష రూపాయలు. రాబోయే ఏడాది ఎంత వస్తుందో ముందే తెలిస్తేనే మనుషుల్ని పెట్టుకోగలం, పని మొదలుపెట్టగలం. చిన్న సంస్థకు మన ఐదొందలు కూడా ఆ పనే చేస్తాయి. 200 మంది నెలకు 500 చొప్పున ఇస్తే లక్ష అవుతుంది. యూపీఐ ఆటోపే ఒకసారి పిన్ కొట్టి పెట్టుకుంటే చాలు, 15,000 లోపు మొత్తాలకు ప్రతి నెలా మళ్లీ పిన్ అడగదు. డబ్బు వెళ్లే ముందురోజు మెసేజ్ వస్తుంది, ఇష్టం లేకపోతే ఆపేయవచ్చు. తనకు మాలిన ధర్మం మొదలు చెడ్డ బేరమన్నారు కాబట్టి ఏడాది పాటు ఇబ్బంది లేకుండా ఇవ్వగల మొత్తమే పెట్టుకోండి. మూడో నెలలో ఆగిపోయే రెండు వేల కన్నా ఆగని మూడొందలు ఆ సంస్థకు మేలు.

వాట్సాప్‌లో వచ్చే వైద్య సహాయం అభ్యర్థనలకు ఇంకో జాగ్రత్త కావాలి. చాలా మెసేజ్‌ల మీద తేదీ ఉండదు. పాప కోలుకున్నాకో, పోయాకో కూడా అవి తిరుగుతూనే ఉంటాయి. ఆసుపత్రి బిల్లింగ్ విభాగానికి ఫోన్ చేసి, ఆ ఐపీ (ఇన్‌పేషెంట్) నంబరుతో రోగి ఇంకా ఉన్నారా అని కనుక్కోండి. వీలైతే డబ్బు నేరుగా ఆసుపత్రి ఖాతాకే ఆ నంబరు మీద కట్టండి. ఆ చికిత్స ప్రభుత్వ ఉచిత వైద్య పథకమైన ఎన్టీఆర్ వైద్య సేవ కింద వస్తుందేమో ముందు అడిగించండి. వస్తే మన డబ్బు మందులకు, తోడున్నవాళ్ల తిండికి, బస్సు చార్జీలకు పనికొస్తుంది. వ్యక్తికి ఇచ్చిన దానికి 80జీ ఉండదని తెలిసే ఇవ్వండి.

అమెరికాలో పిల్లలున్న ఇళ్లు మన ఊళ్లో తక్కువేం కాదు. అక్కడున్నవారికి ఇంకా భారత పాస్‌పోర్టే ఉంటే, తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపింది విదేశీ విరాళం కాదు. అక్కడి పౌరసత్వం తీసుకుంటే మాత్రం అది విదేశీ విరాళమే. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థ ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాలోకే అది రావాలి. తెలియక మామూలు ఖాతాలో వేస్తే చిక్కుల్లో పడేది సంస్థే.

మీ పత్రికకు ఒక విన్నపం. జిల్లా పేజీలో అన్నదానాల ఫొటోలు వేసే చోట, నెలకొకసారి రిజిస్టరైన గృహాల అవసరాల పట్టిక వేయండి. ఏ తేదీలు ఖాళీ, ఏ ఉద్యోగి జీతానికి ఎంత తక్కువ పడింది, వచ్చే నెల గ్యాసుకు, కరెంటుకు ఎంత కావాలి, సంస్థ పేరున ఉన్న ఖాతా ఏది. వివరాలు జిల్లా బాలల సంరక్షణ విభాగంతో సరిచూసుకుని వేయండి. పిల్లల ముఖాలు వేయకండి.

ఇట్లు,
ధర్మ సంస్థల పద్దులు చూసే ఒక ఆడిటర్,
సీతమ్మధార, విశాఖపట్నం.