ఎద్దుకు బెదురు తిరగబెట్టేది ఇందుకే

సంపాదకులకు,

ఉగాది వస్తోందంటే కర్నూలు, నంద్యాల పల్లెల్లో బండలాగుడు పోటీలకు ఎద్దులను సిద్ధం చేస్తారు. ఇంటి దగ్గర డప్పు మోగినా కదలని ఎద్దు తిరునాళ్లలో అదే డప్పుకు పలుపు తెంపుకుంటుంది. పొగరెక్కిందని చర్నాకోల అందుకుంటారు. నిజానికి అది తిరగబెట్టిన పాత భయం.

శబ్దాన్నీ నొప్పినీ ముడివేసేది మెదడులోని అమిగ్డలా. ఎలుకకు శబ్దం వినిపించి వెంటనే పాదాలకు షాక్ ఇస్తే, కొద్దిసార్లకే ఆ శబ్దం వినగానే బిగుసుకుపోతుంది. భయపడిన చోటును గుర్తుంచుకోవడానికి మెదడులోనే మరో భాగమైన హిప్పోక్యాంపస్ కావాలి. 1992లో కిమ్, ఫాన్సెలో అనే శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగంలో షాక్ ఇచ్చిన మర్నాడు హిప్పోక్యాంపస్‌ను దెబ్బతీస్తే ఎలుకలకు చోటు భయం పోయింది, శబ్దం భయం పోలేదు. 28 రోజులు ఆగి దెబ్బతీస్తే చోటు భయం కూడా చాలావరకు నిలిచింది.

షాక్ లేకుండా ఆ శబ్దాన్నే పదేపదే వినిపిస్తే భయం తగ్గుతుంది గానీ చెరిగిపోదు. మెదడు ముందు భాగంలోని ప్రీఫ్రంటల్ కార్టెక్స్ అమిగ్డలాను అణచి ఉంచుతుంది, అంతే. పైగా ఈ కొత్త పాఠం నేర్చుకున్న చోటుకే అంటిపెట్టుకుని ఉంటుంది. చోటు మారినా, మధ్యలో చాలా రోజులు గడిచినా పాత భయం లేస్తుంది. ఇవి ఎలుకల మీద తేలినవే అయినా మెదడులో ఈ భాగాలు ఎద్దుకూ ఉన్నాయి.

కాబట్టి కొట్టంలో ఒక్కచోటే అలవాటు చేస్తే సరిపోదు. చెరువు గట్టు, బడి మైదానం, సంత దారి ఇలా నాలుగైదు చోట్ల చేయాలి. ఎద్దు మేత ఆపనంత దూరంలో డప్పు మెల్లగా మొదలుపెట్టాలి. ముందు శబ్దం, ఒకటి రెండు సెకన్లకు గుప్పెడు నానిన ఉలవలు. ఈ వరుస ముఖ్యం. ఉలవలు ముందు పెట్టి తర్వాత డప్పు కొడితే, ఉలవలను చూసి కూడా బెదరడం నేర్చుకోవచ్చు. రోజుకు పది నిమిషాలు చాలు. చోటు మార్చిన రోజు శబ్దం పెంచకూడదు. బెదిరితే నిన్నటి దూరానికి వెనక్కి వెళ్లాలి. ఎన్ని రోజులు పడుతుందన్నది ఆ ఎద్దును బట్టి ఉంటుంది. డప్పు మోగుతుండగా చర్నాకోలతో కొట్టడమంటే ఎలుకకు షాక్ ఇచ్చినట్టే, అణిగిన భయాన్ని మళ్లీ గట్టిపరచడమే.

పోటీల నిర్వాహకులు కూడా ఎద్దులను కట్టేసే చోటికి డప్పులు, టపాసులు దూరంగా ఉండేలా చూడాలి.

– జంతుశాస్త్ర అధ్యాపకులు, కర్నూలు