మంత్రి గారూ, రాజీ డబ్బు కంటే ముందు మీ డబ్బు ఎప్పుడొస్తుంది?

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర మహిళా, శిశు సంక్షేమ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. ఇది మా సంస్థ మీకు రాస్తున్న మొదటి ఉత్తరం కాదు. ముందు రాసినవి మీ పేషీలో ఇన్‌వర్డ్ ముద్ర వేయించుకుని ఎక్కడో భద్రంగానే ఉండి ఉంటాయి. సోమవారం గ్రీవెన్స్‌లో ఇచ్చిన అర్జీకి మాత్రం జవాబు వచ్చింది. "మీ అర్జీ పరిష్కరించబడింది" అని ఫోన్‌కు మెసేజ్. ఏం పరిష్కరించారో కనుక్కుందామని వెళ్తే, సంబంధిత శాఖకు పంపామని, పంపడమే పరిష్కారమని చెప్పారు. సంబంధిత శాఖ అంటే మీదే. అందుకని ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను.

మాది లైంగిక దాడికి గురైన పిల్లలకు, ఆడవాళ్లకు తోడుగా ఉండే చిన్న సంస్థ. స్టేషన్‌కు, ఆస్పత్రికి, కోర్టుకు వాళ్ల వెంట వెళ్తాం. పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కేసుల్లో సీడబ్ల్యూసీ, అంటే బాలల సంక్షేమ కమిటీ, వేస్తే పిల్లకు తోడుండే సపోర్ట్ పర్సన్లుగా పనిచేస్తాం. సపోర్ట్ పర్సన్‌కు నైపుణ్యం ఉన్న కార్మికుడి కనీస వేతనానికి తగ్గకుండా ఇవ్వాలని నియమాల్లో ఉంది. దాని గురించి ఈ ఉత్తరంలో అడగను. మా సంగతి తర్వాత చూసుకుందాం.

అడిగేది 2020 పోక్సో నియమాల్లోని 8వ నియమం గురించి. పిల్ల తిండికి, బట్టలకు, రాకపోకలకు, ఇంకా అప్పటికప్పుడు కావాల్సిన వాటికి ఇంత ఇవ్వండని సీడబ్ల్యూసీ సిఫారసు చేస్తే, అది అందిన వారం లోపల డబ్బు చెల్లించాలి. నెల కాదు, ఆర్థిక సంవత్సరం కాదు, "బడ్జెట్ రిలీజ్ అయ్యాక" కాదు. వారం. ఆ తర్వాత 9వ నియమం ఉంది. ప్రత్యేక కోర్టు మధ్యంతర పరిహారం ఇమ్మంటే, ఆర్డరు అందిన 30 రోజుల్లో ఇవ్వాలి. ఈ రెండూ మీకు నేను చెప్పాల్సిన పని లేదు. మీ శాఖ పెట్టే శిక్షణ తరగతుల్లో మాకు పాఠం చెప్పేదే ఇది. టీ, బిస్కెట్లు ఇచ్చి, పీపీటీ వేసి మరీ చెప్తారు. మేం రాసుకుని వచ్చి ఇళ్లలో తల్లులకు చెప్తాం. అక్కడి నుంచి మొదలవుతుంది మా అవస్థ.

ఒక ఇంటి సంగతి చెప్తాను. ఊరు, మండలం, కులం చెప్పను. చెప్పకూడదు కూడా. తల్లి పత్తి ఏరడానికి పోతుంది, తండ్రి హమాలీ. పిల్ల బడి మానేసి ఇంట్లో ఉంది. ఎఫ్ఐఆర్ అయిన వారం తిరక్కముందే ఇంటి ముందు మంచం వేసుకుని పెద్దమనుషులు కూర్చున్నారు. వాళ్లలో ఒకాయన బాగా నెమ్మదస్తుడు. గొంతు పెంచలేదు, బెదిరించలేదు. "కోర్టు చుట్టూ తిరిగితే చెప్పులరుగుతయి గని పైస రాదమ్మా. రేపు పిల్ల లగ్గం చెయ్యాలె. వాళ్లు ఇచ్చేదేదో తీస్కో, ఊర్ల అందరం కలిసే బతకాలె" అన్నాడు. పక్కన నల్ల పాలిథిన్ కవర్ ఉంది. అందులో ఏముందో ఎవరూ విప్పి చూపించలేదు. అందరి చూపూ దాని మీదే ఉంది.

వాళ్లు వెళ్లాక ఆ తల్లి నన్ను రెండే ప్రశ్నలు అడిగింది. "సర్కారు ఎంతిస్తది మేడమ్? ఎప్పుడిస్తది?"

మొదటిదానికి జవాబు నాకు కంఠతా వచ్చు. 2018 నల్సా (జాతీయ న్యాయ సేవాధికార సంస్థ) పథకంలో అత్యాచార బాధితురాలికి కనీసం 4 లక్షలు, గరిష్ఠంగా 7 లక్షలు. పిల్లల కేసుల్లోనూ దాన్నే ఆధారంగా తీసుకోమని సుప్రీంకోర్టు చెప్పింది. ఎస్సీ, ఎస్టీ అయితే అట్రాసిటీ నియమాల కింద 5 లక్షలు. అందులో సగం వైద్య పరీక్ష అయి, రిపోర్టు నిర్ధారించగానే రావాలి. పావు వంతు చార్జిషీటు కోర్టుకు వెళ్లినప్పుడు, మిగిలిన పావు కింది కోర్టులో విచారణ ముగిశాక. ఇదంతా గడగడా చెప్పేశాను. రెండో ప్రశ్న దగ్గర ఆగిపోయాను. వారంలో అని చెప్పాలా? నియమం అదే అంటోంది. చెప్తే ఎనిమిదో రోజు ఆమె ఫోన్ చేస్తుంది. "తెలియదమ్మా" అంటే ఆమె చూపు మళ్లీ ఆ కవర్ వైపే పోతుంది.

అసలు విషయం ఇంతే మంత్రి గారూ. నిందితుడి తరఫు డబ్బు ఎఫ్ఐఆర్ సిరా ఆరకముందే గడప దాకా వస్తోంది. మీ డబ్బు ఫైలు దాటి రావడం లేదు. కేసు కోర్టులో ఓడిపోతోందని అందరూ అంటారు. చాలా కేసులు కోర్టు దాకా వెళ్లేలోపే ఆ మంచం మీద ఓడిపోతున్నాయి.

సిఫారసు అయ్యాక ఏం జరుగుతుందో కూడా వినండి. ముందు బ్యాంకు ఖాతా. పిల్ల మైనర్ కాబట్టి తల్లితో కలిపి తెరవాలి. దానికి పిల్ల ఆధార్ కావాలి. ఆధార్‌లో పుట్టిన తేదీ ఒకటి, బడి బోనఫైడ్‌లో ఇంకొకటి. అది సరిచేయించేసరికి ఒక కూలి సీజన్ అయిపోతుంది. ఎలాగో ఖాతా తెరిస్తే, గ్రామీణ బ్యాంకు విలీనమై ఐఎఫ్ఎస్‌సీ కోడ్ మారిందట, పంపిన డబ్బు వెనక్కి పోయిందట. ఆ సంగతి ఎవరూ మాకు చెప్పలేదు. మేమే వెళ్లి అడిగితే, "పంపేశాం కదా" అని రిజిస్టర్ చూపించారు. ఆ రిజిస్టర్‌లో ఆ పిల్లకు సాయం అందినట్టే లెక్క. మీకు వచ్చే నెలవారీ నివేదికలో కూడా అందినట్టే ఉంటుంది. అందనిది పిల్లకు మాత్రమే.

ఇంకో ఇంటికి విచారణ కోసమని ఒక ఉద్యోగిని పంపారు. ఆయన బండి మీద వచ్చి, కిరాణా కొట్టు ముందు ఆపి, "ఆ పోక్సో కేసు పిల్ల ఇల్లు ఏదండీ?" అని అడిగాడు. కొట్టు దగ్గర ఉన్నవాళ్లందరికీ వినపడేలా అడిగాడు. పిల్ల ఎవరో బయటపెడితే పోక్సో చట్టం 23వ సెక్షన్ కింద పత్రికల మీద కేసు పెట్టొచ్చు. ఆ బండి మీద ఏ కేసు పెట్టాలో నాకు తెలియదు. ఆ పిల్ల అప్పటిదాకా కనీసం బావి దాకా వెళ్లేది. ఆ రోజు నుంచి అదీ మానేసింది. తల్లి మాకు ఫోన్ చేసి, "మాకు ఆ పైసలొద్దు, ఎవరినీ పంపకండి" అంది. దాన్ని ఫైలులో "లబ్ధిదారు నిరాకరించారు" అని రాసుకున్నారు. లబ్ధిదారు! పింఛను కాదండీ ఇది, ఇల్లు కాదు, గొర్రెల యూనిట్ కాదు.

"అది మా పరిధిలోది కాదు, పరిహారం న్యాయ సేవాధికార సంస్థ చూస్తుంది, నిధులు వేరే శాఖవి" అని మీ దగ్గరివాళ్లు అంటారని తెలుసు. ఇప్పటికే అన్నారు. కాదనను. కానీ 8వ నియమం చదవండి. తక్షణ సాయం న్యాయ సేవాధికార సంస్థ నుంచి ఇవ్వొచ్చు, జిల్లా బాలల పరిరక్షణ విభాగం దగ్గరున్న నిధుల నుంచి ఇవ్వొచ్చు, జువెనైల్ జస్టిస్ చట్టం కింది నిధి నుంచీ ఇవ్వొచ్చు. మూడు దార్లు పెట్టారు. ఒకటి మూసుకుపోతే ఇంకొకటి తెరుచుకోవాలనే కదా? మా అనుభవంలో మాత్రం మొదటివాళ్లు రెండోవాళ్ల దగ్గరికి, రెండోవాళ్లు మూడోవాళ్ల దగ్గరికి పంపుతారు. మూడోవాళ్లు మళ్లీ మొదటివాళ్ల దగ్గరికే. సీడబ్ల్యూసీ మీదే, బాలల పరిరక్షణ విభాగం మీదే. కనీసం మీ చేతిలో ఉన్న ఆ ఒక్క దారైనా తెరవండి.

మీరు చేసింది ఏమీ లేదని అనడం లేదు. ఉచిత బస్సు వచ్చాక తల్లీ పిల్లా కోర్టుకు జీరో టికెట్ మీద వెళ్తున్నారు. అది మాకు పెద్ద ఊరట, ఎవరు కాదన్నా నేను ఒప్పుకోను. బాధితుల కోసం పోలీసులు నడిపే భరోసా సెంటర్ ఉన్న చోట పిల్ల స్టేషన్ మెట్లెక్కకుండానే వాంగ్మూలం ఇవ్వగలుగుతోంది. ఆపదలో ఉన్న ఆడవాళ్ల కోసం పెట్టిన సఖి కేంద్రంలో రాత్రి పూట తలుపు తీసే మనిషి ఉంది. కానీ వాయిదా రోజు తల్లి కూలి పోతుంది, తండ్రి కూలి పోతుంది, తండ్రికి టికెట్ కొనాలి, మధ్యాహ్నం ముగ్గురూ కోర్టు బయట ఏదో ఒకటి తినాలి. జడ్జి గారు సెలవు అని సాయంత్రం చెప్తారు. పిల్ల సాక్ష్యం 30 రోజుల్లో, విచారణ వీలైనంతవరకు ఏడాదిలో ముగియాలని చట్టంలో ఉన్న సంగతి నేను ఇక్కడ ఎత్తను, ఎత్తితే ఈ ఉత్తరం ఇప్పట్లో తెగదు. ఆ రోజుల కూలీ, ఆ పూట భోజనం, ఇవే 8వ నియమం ఇవ్వమన్నది. లక్షలు కాదు. కొన్ని వేలు, సరైన వారంలో.

అవి రాక ఏమవుతుందో చెప్పనా? ఏడాదో, ఏడాదిన్నరో గడిచాక ఆ పిల్ల బోనులో నిలబడి తల వంచుకుని "నాకేం గుర్తు లేదు" అంటుంది. పీపీ గారు, అంటే ప్రభుత్వ న్యాయవాది, పిల్లను హాస్టైల్ (ఎదురుతిరిగిన సాక్షి) అని డిక్లేర్ చేయమంటారు. నిందితుడు బయటికొస్తాడు. మర్నాడు ఊళ్లో "చూశారా, అబద్ధపు కేసు" అంటారు. తర్వాత ఏదో సమీక్షా సమావేశంలో శిక్షల శాతం ఎందుకు తక్కువగా ఉందని పోలీసులను నిలదీస్తారు, వాళ్లు బాధితులు సహకరించడం లేదని రాసిస్తారు. పిల్ల ఎందుకు సహకరించలేదో ఆ కాగితంలో ఎక్కడా ఉండదు.

2019 డిసెంబర్‌లో చటాన్‌పల్లి దగ్గర దిశ అత్యాచారం, హత్య కేసు నిందితుల ఎన్‌కౌంటర్ జరిగితే పోలీసుల మీద పూలు చల్లిన జనం మనం. ఆ ఎన్‌కౌంటర్ బూటకమని సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ 2022లో తేల్చింది, అది వేరే చర్చ. నేననేది ఒకటే. ఆ వారంలో ఆడపిల్లల కోసం ఏం చేయడానికైనా సిద్ధమన్న నాయకులెవరూ ఆ తర్వాత ఏ పిల్ల ఖాతాలో ఎంత పడిందని అడిగినట్టు నేను వినలేదు. పరిహారం పూలు చల్లేంత గొప్ప విషయం కాదు మరి.

ఉమ్మడి రాష్ట్రంలో 2007 ఆగస్టులో వాకపల్లి ఆదివాసీ మహిళలు తమపై అత్యాచారం చేశారని గ్రేహౌండ్స్ (నక్సలైట్ల వేటకు పెట్టిన ప్రత్యేక పోలీసు దళం) మీద ఫిర్యాదు చేశారు. 2023 ఏప్రిల్‌లో విశాఖ కోర్టు దర్యాప్తు లోపాలను ఎత్తిచూపి, నిందితులను నిర్దోషులుగా విడిచిపెట్టి, ఆ మహిళలకు పరిహారం ఇమ్మంది. దాదాపు 16 ఏళ్లకు! పరిహారమంటే మన దగ్గర అన్నీ పోయాక చేతిలో పెట్టేదనే అలవాటైపోయింది. చట్టం అలా రాయలేదు. నేరం రుజువైనా కాకపోయినా, కేసు నడుస్తుండగానే పిల్లను నిలబెట్టడానికి ఇమ్మంది. శిక్ష వేయడం కోర్టు పని. వారంలో డబ్బు ఇవ్వడానికి ఏ నేరమూ రుజువు కానక్కర్లేదు. సీడబ్ల్యూసీ సిఫారసు, చెక్కు మీద ఒక సంతకం, అంతే.

మా కోరికలు చెప్తాను, పెద్దవేమీ కాదు. ప్రతి జిల్లాలో బాలల పరిరక్షణ విభాగం దగ్గర ఈ ఒక్క పనికే కొంత డబ్బు ముందే వేసి ఉంచండి. అది అయిపోకముందే మళ్లీ వేయండి. ఏ ఫైలు ఎవరి దగ్గర ఆగిందో చెప్పే అధికారి ఒకరి పేరు మాకివ్వండి. ఇళ్లకు మనుషులను పంపితే ఆడమనిషిని, మామూలు బట్టల్లో, ముందు మాకు ఫోన్ చేసి పంపండి. కిరాణా కొట్టు దగ్గర అడగొద్దని చెప్పి పంపండి, రాతపూర్వకంగా చెప్పండి. ఎన్ని సిఫారసులు వచ్చాయి, ఎన్ని వారంలో చెల్లించారు, ఎన్ని వెనక్కి వచ్చాయి అన్నది పేర్లు లేకుండా నెలకోసారి బయట పెట్టండి. వారం అన్నది వారమే అని ఒక సర్క్యులర్ ఇవ్వండి. ఉన్న నియమానికి మళ్లీ సర్క్యులర్ ఏమిటని నవ్వకండి. ఇక్కడ కింది ఆఫీసుల్లో నియమం కంటే సర్క్యులర్‌కే భయపడతారు.

ఆ నల్ల కవర్ ఇంటివాళ్లు ఇంకా రాజీ పడలేదు. పడితే నేను వాళ్లను ఒక్క మాట అనలేను. ఆ తల్లి ప్రతి వాయిదా ముందు రోజు ఫోన్ చేసి, "వచ్చిందా మేడమ్?" అని అడుగుతోంది. నాకు అబద్ధం చెప్పడం చేతకాదు, నిజం చెప్పే ధైర్యమూ రోజురోజుకీ పోతోంది. అమ్మా, మీరే ఒక్కసారి మాట్లాడి చెప్పండి ఎప్పుడొస్తుందో.

ఈ ఉత్తరం కింద ఫోన్ నంబర్ వేయడం లేదు. మీ పేషీలో ఉన్న మా అర్జీలన్నిటి మీదా ఉంది. కోర్టులో ఉంటే ఫోన్ ఎత్తలేను, సాయంత్రం ఐదు తర్వాత చేయించండి.

ఇట్లు,
లైంగిక హింస బాధితులకు తోడుగా పనిచేసే ఒక స్వచ్ఛంద సంస్థ కార్యకర్త