శనివారం శిలాజాల క్లాసు: పాట, పీఓపీ (ప్లాస్టర్ ఆఫ్ పారిస్) అచ్చు

టీచర్లకు నమస్తే. ముందు పాట, తర్వాత అచ్చు. యామన్‌పల్లిలో దొరికి ఇప్పుడు హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబడి ఉన్న కోటాసారస్ అనే డైనోసార్ మీద, ఉయ్యాల పాట వరసలో నాలుగు చరణాలు రాయించండి: చచ్చింది, బురద కప్పింది, ఎముక రంధ్రాల్లో ఖనిజాలు చేరాయి, నేల కోతకు బయటపడింది. పిల్లలు మూడోది ఎగరగొట్టి "రాయైపోయె ఉయ్యాలో" అని తేల్చేస్తారు. అసలు సంగతంతా అందులోనే ఉంది, వదలొద్దు.

బంకమట్టి 2 సెం.మీ. మందాన పరిచి, కొబ్బరినూనె రాసిన ఆల్చిప్పను నొక్కి తీయండి. కప్పు నీళ్లలో 2 కప్పుల పీఓపీ చల్లాలి; పొడి మీద నీళ్లు పోస్తే ఉండలు కడుతుంది. గిలక్కొడితే బుడగలొచ్చి చిప్ప మీది సన్నగీతలు పోతాయి. కలిపింది ఆ గుంటలో పోస్తే అరగంటకు తీయొచ్చు, రంగులు మర్నాడే. గట్టిపడేటప్పుడు కాలేంత వేడెక్కుతుంది, చేతులు ముంచనివ్వకండి. మిగిలింది సింకులో పోయొద్దు, పైపు పూడుకుపోతుంది.